చీకట్లో సైకిలు కనబడేలా చూడండి: బెంగళూరు అధికారులకు, సైకిల్ వ్యాపారులకు, పని ఇచ్చేవారికి బహిరంగ లేఖ

బెంగళూరులో రోడ్లు, వీధి దీపాలు, ట్రాఫిక్ చూసే అధికారులకు; సైకిళ్లు అమ్మే దుకాణదారులకు; సెక్యూరిటీ ఏజెన్సీలు, గార్మెంట్ ఫ్యాక్టరీల యాజమాన్యాలకు; బిల్డింగ్ కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. సైకిళ్లు బాగుచేసి బతికేవాళ్లమూ, సైకిలు మీదే పనికి పోయి వచ్చేవాళ్లమూ కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఈ సంగతులనే ఇంతకుముందు కన్నడంలో వినతిపత్రంగా ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి కాగితం చేతికిచ్చారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇప్పుడు అందరికీ తెలిసేలా తెలుగులో రాస్తున్నాం. ఎందుకంటే మారతహళ్లి నుంచి కె.ఆర్. పురం దాకా, బొమ్మనహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా సైకిళ్లు తొక్కేవాళ్లలో తెలుగువాళ్లున్నారు, వాళ్లను పనిలో పెట్టుకున్నవాళ్లలోనూ ఉన్నారు, వాళ్ల వెనకే కార్లు నడుపుకుంటూ వచ్చేవాళ్లలోనూ ఉన్నారు.

ఆదివారం తెల్లవారుజామున హెల్మెట్ పెట్టుకుని, ముందొకటి వెనకొకటి మంచి లైట్లు తగిలించుకుని నంది హిల్స్ వైపు పోయేవారి గురించి మాకు పెద్దగా బెంగ లేదు. మా బెంగంతా నైట్ డ్యూటీకి పోయే వాచ్‌మన్ గురించి, షిఫ్టు దిగి ఇంటికెళ్లే గార్మెంట్ కార్మికురాలి గురించి, వెలుతురు రాకముందే పాలు, పేపర్లు వేసే కుర్రాళ్ల గురించి, సైటు నుంచి షెడ్డుకు తిరిగొచ్చే కూలీల గురించి. డిసెంబరులో ఇక్కడ ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో సరిగ్గా ఇళ్లకు వెళ్లే వేళకే వాన పట్టుకుంటుంది. వీళ్ల సైకిళ్లలో ఎక్కువ వాటికి లైటు లేదు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉన్నా విరిగిపోయో, ఆకాశం వైపు తిరిగిపోయో ఉంటుంది.

ఏటా జనవరిలో రోడ్డు భద్రత కార్యక్రమాలు జరుగుతాయి. అప్పుడు కొందరికి పచ్చటి జాకెట్లు పంచి, వరసగా నిలబెట్టి ఫొటో తీసి పంపేస్తారు. ఇచ్చినందుకు కృతజ్ఞతలు. కానీ దానితో పని అయిపోయిందనుకోవద్దు. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. ముందు దూరం లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని డ్రైవరు గుర్తించి కాలు బ్రేకు మీద పెట్టడానికి సెకనున్నర అనుకుంటే అప్పటికే 25 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు పట్టి బండి ఆగడానికి ఇంకో 20. మొత్తం 45 మీటర్లు. తడి రోడ్డయితే 60 దాకా పోతుంది. వేగం 40 ఉంటే పొడి రోడ్డు మీద 26 మీటర్లలో ఆగొచ్చు. అంటే అవుటర్ రింగ్ రోడ్డు మీద సైకిలు కనీసం 60 మీటర్ల దూరం నుంచే కనబడాలి. నీలం యూనిఫాం వేసుకుని, నల్ల సైకిలెక్కి, లైటు లేకుండా పోయే మనిషి కారు డిమ్ లైట్లలో (హై బీమ్ కాకుండా కిందికి కొట్టే హెడ్‌లైట్లలో) అంత దూరానికి కనబడడు. డ్రైవరు ఎంత మంచివాడైనా, తాగకపోయినా, ఫోను చూడకపోయినా కనబడడు. ప్రమాదం జరిగాక “చూసుకోలేదు సార్” అని డ్రైవరు చెప్పేది చాలాసార్లు నిజమే. ఆ నిజంతో కేసు తేలిపోవచ్చు. ఇంట్లో సంపాదించే మనిషి మాత్రం మంచాన పడతాడు.

2. పచ్చ జాకెట్ పగటి వస్తువు. ఆ మెరిసే పచ్చ, నారింజ రంగులు ఎండలోని అతినీలలోహిత కిరణాలను తీసుకుని మన కంటికి కనబడే వెలుగుగా మార్చి ఇస్తాయి. రాత్రి వీధి దీపాల్లో, బండ్ల లైట్లలో ఆ కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి ఆ రంగు మామూలు లేత రంగు బట్టలాగే ఉంటుంది. రాత్రి పని చేసేది దాని మీద కుట్టిన వెండి పట్టీ ఒక్కటే. పంచే జాకెట్లలో చవకరకాల మీద ఆ పట్టీ నాలుగు ఉతుకులకే పొడి రాలిపోతుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు రాత్రిపూట డ్రైవర్లతో ఒక పరీక్ష చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. నల్ల బట్టల్లో ఉన్న సైకిలిస్టును గుర్తించింది నూటికి 2 సార్లు. మెరుపు రంగు జాకెట్‌తో 15. వెండి పట్టీలున్న జాకెట్‌తో 50. ఆ జాకెట్‌కు తోడు మోకాళ్లకూ చీలమండలకూ కూడా పట్టీలు కట్టినప్పుడు 90. కారణం తేలికగానే అర్థమవుతుంది. వీపు కదలదు. కాళ్లు పైకీ కిందికీ తిరుగుతూ ఉంటాయి. చీకట్లో రెండు చుక్కలు అలా తిరుగుతుంటే అక్కడ మనిషి సైకిలు తొక్కుతున్నాడని మెదడు ఠక్కున పట్టేస్తుంది. పైగా డిమ్ లైటు కిందికి కొడుతుంది కాబట్టి ముందుగా వెలుగు పడేది కాళ్ల మీదే.

ఏజెన్సీలవారు గమనించాలి. జాకెట్ కన్నా ముందు రెండు కాళ్లకు రెండు పట్టీలు ఇవ్వండి. ప్యాంటు అంచు చైన్లో పడకుండా కూడా అవే కాపాడతాయి. చీర, చుడీదార్ కట్టుకుని తొక్కే ఆడవాళ్లకు బట్ట పట్టీని కప్పేస్తుంది. వాళ్ల సైకిళ్లకు పెడళ్ల మీద, పెడల్‌ను పట్టి ఉంచే ఇనుప చేతుల మీద మెరిసే టేపు (దాని సంగతి కింద 6లో ఉంది) అంటించాలి.

3. రిఫ్లెక్టర్ దీపం కాదు. తన మీద పడిన వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపడం దాని పని. కారులో డ్రైవరు కళ్లు హెడ్‌లైట్లకు కొంచెమే పైన ఉంటాయి కాబట్టి ఆ వెలుగు అతనికి బాగానే అందుతుంది. లారీలో, బస్సులో డ్రైవరు లైట్లకు చాలా ఎత్తున కూర్చుంటాడు. దగ్గరయ్యే కొద్దీ తిరిగొచ్చే వెలుగు అతని కళ్లకు కిందనుంచే పోతుంది. పక్క సందులోంచి వచ్చే బండి లైట్లు సైకిలు మీద పడేసరికి సైకిలు దాని ముందే ఉంటుంది. అందుకే రిఫ్లెక్టర్‌తో పాటు లైటు ఉండి తీరాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడానికి లేదు.

4. చట్టం ఉంది, దుకాణంలో కనబడదు. సైకిల్ రిఫ్లెక్టర్లకు నాణ్యతా ప్రమాణం తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2020లోనే ఉత్తర్వు ఇచ్చింది. పూర్తి సెట్టు అంటే ముందు తెల్లది 1, వెనక ఎర్రది 1, ఒక్కో చక్రానికి 2 చొప్పున 4, ఒక్కో పెడల్‌కు 2 చొప్పున 4, మొత్తం 10. డబ్బాలో వచ్చిన సైకిలును బిగించే తొందరలో చక్రాలవి అట్టపెట్టెలోనే ఉండిపోతాయి. లేదా కొనేవాడే “చూడ్డానికి బాగాలేదు, తీసెయ్యన్నా” అంటాడు. కొత్త పెడళ్లు వేసేటప్పుడు రిఫ్లెక్టర్ లేని రకం వేస్తారు. ఇందులో మా మెకానిక్కుల పనితనం కూడా ఉందని తెలుసు, అందుకే కింద కోరికల్లో మమ్మల్నీ కలుపుకున్నాం. ఇంకో మోసం ఏమిటంటే, ఎర్ర ప్లాస్టిక్ ముక్క మాత్రమే ఉండి లోపల అద్దపు పలకల్లాంటి గళ్లు లేనివి అచ్చం రిఫ్లెక్టర్ లాగే అమ్ముతున్నారు. పరీక్ష సులువు. చీకట్లో 30 మీటర్లు వెనక్కి వెళ్లి ఫోన్ టార్చిని కంటి పక్కనే, చెంపకు ఆనించి పట్టుకుని చూడాలి. అసలుది భగ్గున వెలుగుతుంది. నకిలీది వెలగదు. టార్చిని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే అసలుది కూడా మసకగానే కనబడుతుంది, ఆ పొరపాటు చేయవద్దు.

5. లైటు ఉన్నా కనబడకపోవడానికి కారణాలు. మా దగ్గరికి వచ్చే సైకిళ్లలో మాటిమాటికీ చూసేవి ఇవి.

వెనక లైటును సీటు కింద రాడ్డుకు బిగిస్తారు. క్యారియర్ మీద క్యారేజీ సంచి, నీళ్ల క్యాను, గడ్డపార, పలుగు కట్టగానే లైటు వాటి వెనక దాక్కుంటుంది. సరుకు మోసే సైకిలుకు వెనక లైటు క్యారియర్ చివరి పట్టీకి గానీ, మడ్‌గార్డుకు గానీ ఉండాలి. నేల వైపు వంగకుండా సూటిగా వెనక్కి చూడాలి. ప్లాస్టిక్ క్లాంపు గతుకులకు జారి కిందికి తిరిగిపోతుంది. పాత ట్యూబులోంచి ఒక రబ్బరు ముక్క కోసి క్లాంపు కింద పెట్టి బిగిస్తే జారదు.

యూఎస్‌బీ ఛార్జింగ్ లైట్లు మంచివే. రెండు మూడు వందల రూపాయల్లో వెనక లైటు వస్తుంది. అయితే ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత ఊడిపోయిన మొదటి వానకే లోపల తుప్పు పడుతుంది. ఆ రంధ్రం కిందికి ఉండేలా బిగించాలి. లేబర్ షెడ్లలో ఇరవై మందికి ఒక ప్లగ్గు ఉంటుంది, అందులో ఫోన్లకే చోటు చాలదు. అలాంటి చోట పెన్సిల్ సెల్స్ వేసే లైటే నయం. బిళ్ల సెల్స్ మీద నడిచే బుల్లి లైట్లు కొన్నాళ్లకే మసకబారతాయి. మసక వెలుగు దగ్గరనుంచి చూసే మనకు సరిపోయినట్టే ఉంటుంది, వెనక వచ్చే డ్రైవరుకే తేడా తెలుస్తుంది.

మిణుకుమిణుకుమనే లైటు దృష్టిని లాగుతుంది కానీ ఎంత దూరంలో ఉందో అంచనా దొరకనివ్వదు. నిలకడగా వెలిగే లైటుతో దూరం తెలుస్తుంది. రెండు లైట్లు పెట్టగలిగితే ఒకటి ఇలా, ఒకటి అలా. ఒక్కటే ఉంటే నిలకడగా వెలగనివ్వండి. జర్మనీలో సైకిళ్లకు మిణుకు లైట్లు అసలు ఒప్పుకోరు.

పాత నల్ల సైకిళ్లకు డైనమో ఇంకా కొన్ని చోట్ల ఉంది. 6 వోల్టులు, 3 వాట్లు. బ్యాటరీ ఖర్చు లేదు, దొంగతనం తక్కువ. దానికి మూడు జబ్బులు. వానలో తడి టైరు మీద దాని చక్రం జారుతుంది. సిగ్నల్ దగ్గర సైకిలు ఆగగానే దీపం ఆరిపోతుంది, వెనకనుంచి వచ్చి గుద్దే ప్రమాదం ఉన్నది సరిగ్గా అప్పుడే. ఒకే తీగ వేసి, కరెంటు తిరిగొచ్చే రెండో దారిగా సైకిలు ఇనుమునే వాడతారు కాబట్టి, ఎక్కడ తుప్పు పట్టినా, రంగు అడ్డొచ్చినా వెనక దీపం పోతుంది. రెండో తీగ లాగితే మూడోది కుదురుతుంది. ఆగినా కొన్ని నిమిషాలు వెలిగే కెపాసిటర్ ఉన్న ఎల్‌ఈడీ వేస్తే రెండోది కుదురుతుంది. మొదటిదానికి వానాకాలం ఒక బ్యాటరీ లైటు తోడు పెట్టుకోవడమే మందు.

ముందు లైటును ఎదుటివాళ్ల ముఖాల్లోకి కొట్టడం కూడా తప్పే. గోడకు 5 మీటర్ల దూరంలో సైకిలు నిలబెట్టండి. లైటు నేలనుంచి 1 మీటరు ఎత్తులో ఉంటే వెలుగు నడిబొడ్డు గోడ మీద అర మీటరు ఎత్తున పడాలి. అప్పుడది రోడ్డు మీద 10 మీటర్ల ముందు పడుతుంది.

6. టేపు. లారీల వెనక అంటించే 50 మిల్లీమీటర్ల వెడల్పు టేపు జె.సి. రోడ్డు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. ముందుకు తెలుపు, పక్కలకు పసుపు, వెనక్కి ఎరుపు, లారీకి ఉన్న పద్ధతే. నిలువునా రెండుగా చీల్చుకుంటే పొడవు రెట్టింపు వస్తుంది కాబట్టి ఒక సైకిలుకు ఎరుపు 25, తెలుపు 15, పసుపు 30 సెంటీమీటర్లు చాలు. వెనక చక్రానికి అటూ ఇటూ ఉన్న కమ్మీల మీద 20 సెంటీమీటర్ల ఎర్ర ముక్క ఒక్కొక్కటి, మడ్‌గార్డు తోక మీద 10. ముందు ఫోర్కు మీద 15 సెంటీమీటర్ల తెల్ల ముక్కలు రెండు. పెడల్ చేతుల మీద 10 చొప్పున, ఫ్రేము రెండు పక్కలా 20 చొప్పున పసుపు.

అంటించే ముందు స్పిరిట్‌తో నూనె తుడిచి ఆరనివ్వాలి. ఈ టేపు బిరుసు. సన్న గొట్టానికి చుట్టూ చుడితే రెండు రోజుల్లో విప్పుకుంటుంది, పొడవునా అంటించాలి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవదు. కోసిన అంచుల్లోంచి నీళ్లు లోపలి గళ్లలోకి చేరితే ఆ మేరకు మెరుపు పోతుంది కాబట్టి అంచు వెంట రంగులేని గోళ్ల పాలిష్ ఒక గీత గీయండి. చక్రం రిమ్ము మీద బ్రేకు రబ్బరు రాసుకునే చోట మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ అంటించకూడదు, బ్రేకు పట్టదు.

7. సైకిలు మీద ఎన్ని దీపాలు పెట్టినా రోడ్డు దాచేస్తే లాభం లేదు. చెట్లున్న వీధుల్లో దీపం కొమ్మల పైన వెలుగుతూ ఉంటుంది, రోడ్డు మీద నీడ పడుతుంది. మెట్రో స్తంభాల వరస పక్కన వెలుగూ నీడా మాటిమాటికీ మారుతుంటే కన్ను సర్దుకోలేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద 2020లో స్తంభాలు పాతి సైకిళ్లకు విడిగా దారి ఇచ్చారు. మెట్రో పనుల్లో అది చెదిరిపోయింది. ఇప్పుడు అదే సైకిలు బస్సుల పక్కన నడుస్తోంది. యూ టర్న్ కిలోమీటర్ల దూరంలో ఉంటే అలసిపోయిన మనిషి రాంగ్ సైడులో వస్తాడు. అది తప్పే, సమర్థించం. కానీ అలా వచ్చేవాడి వెనక ఉన్న ఎర్ర దీపం ఎదుటి బండికి కనబడదన్నది మరచిపోయి జరిమానా ఒక్కటే వేస్తే ఆ తప్పు తగ్గదు, దాటడానికి దగ్గర్లో దారి ఇవ్వాలి.

8. ఎదుటి వెలుగు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. వాటి మధ్య సైకిలు బుల్లి దీపం కొట్టుకుపోతుంది. దానికి తోడు పైన తగిలించిన తెల్లటి అదనపు ఎల్‌ఈడీలు, ఊళ్లోనే హై బీమ్. వాన పడితే అద్దం మీద ఒక్కో చినుకూ ఒక్కో దీపమై ముందున్న సైకిలు పూర్తిగా మాయమవుతుంది. కళ్లు జిగేల్‌మనే లైట్ల మీద తనిఖీ పగటిపూట చౌరస్తాలో చేస్తే ఏమీ దొరకదు. రాత్రి 7 నుంచి 11 మధ్య చెయ్యాలి.

ఇక మేం అడిగేవి.

మొదటిది, అధికారులకు. సైకిల్ దుకాణాల్లో 10 రిఫ్లెక్టర్లూ బిగించకుండా అమ్మకం జరగకుండా తనిఖీ పెట్టండి. తనిఖీకి అధికారం మీది కాకపోతే, ఎవరిదో రాసి ఆ కాగితాన్ని వాళ్లకు పంపండి. “మా పరిధిలో లేదు” అన్న మాటతో మమ్మల్ని తిప్పవద్దు.

రెండోది, మళ్లీ అధికారులకే. జనవరిలో జాకెట్లకు పెట్టే డబ్బుతో వెనక లైటు, రెండు కాళ్ల పట్టీలు, 70 సెంటీమీటర్ల టేపు ఇవ్వండి. సంచిలో పెట్టి చేతికిస్తే ఇంట్లో మూలన పడతాయి. అక్కడికక్కడే బిగించి పంపాలి. ఒక్కో సైకిలుకు పావుగంట పడుతుంది. ఆ పని మేం కూలి లేకుండా చేస్తాం, టేపు, లైట్లు మీరు తెప్పించండి.

మూడోది, ఏజెన్సీలకు, ఫ్యాక్టరీలకు, కాంట్రాక్టర్లకు. యూనిఫాం కొనిచ్చినట్టే లైటు కొనివ్వండి, జీతంలో కోయకండి. గేటు దగ్గర ఛార్జింగ్ కోసం ఒక ప్లగ్గుల పట్టీ పెట్టండి. రాత్రి షిఫ్టు దిగేటప్పుడు సూపర్‌వైజరు గేట్లో నిలబడి లైటు వెలుగుతోందా లేదా చూడాలి. వెలగకపోతే మనిషికి ఫైన్ వేయకుండా స్టోర్లోంచి ఇంకోటి ఇవ్వాలి. మేస్త్రీలు, ముఖ్యంగా మన తెలుగు మేస్త్రీలు, ఊరినుంచి మనుషుల్ని తెచ్చేటప్పుడు ఇస్తామన్న వాటిలో దీన్నీ చేర్చండి.

నాలుగోది, దుకాణదారులకూ మా తోటి మెకానిక్కులకూ. పెడల్ మార్చినా, మడ్‌గార్డు మార్చినా రిఫ్లెక్టర్ ఉన్నదే వేద్దాం. వద్దన్నవాడికి ఒకసారి టార్చి పరీక్ష చూపిద్దాం. గళ్లు లేని ఎర్ర ప్లాస్టిక్ ముక్కలను అమ్మడం మానేద్దాం.

ఐదోది, వీధి దీపాల విభాగానికి. దీపం వెలుగుతోందా అని మాత్రమే చూడొద్దు, వెలుగు రోడ్డు మీద పడుతోందా చూడండి. ఫ్యాక్టరీల నుంచి, పెద్ద అపార్ట్‌మెంట్ల నుంచి బస్తీలకు పోయే దారుల్లో ముందుగా కొమ్మలు కొట్టించండి. రింగ్ రోడ్డు మీద మెట్రో పని ముగిసిన ప్రతి ముక్కలోనూ సైకిల్ దారిని తిరిగి ఇవ్వండి, మొత్తం పూర్తయ్యేదాకా ఆగకుండా.

వీటిలో ఏది ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు అన్నది రాతపూర్వకంగా తెలపండి. జవాబు కన్నడంలో ఇచ్చినా మాకు చాలు. మొదటి వినతిపత్రం మీద మీ ముద్ర, తేదీ ఉన్న ప్రతి మా దగ్గర ఉంది, అడిగితే మళ్లీ ఇస్తాం.

ఇట్లు,
మారతహళ్లి, కె.ఆర్. పురం, బొమ్మనహళ్లి ప్రాంతాల సైకిల్ మెకానిక్కులు, సైకిలు మీద పనికి వెళ్లేవారు